పై లైను తుడిచిన అక్క

ఎర్ర గీత అంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఆమె మీకు అర్థం కాదు. కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసేవాళ్లకు ఎడిటర్ అని ఒకటి ఉంటుంది. మనం నోటుబుక్కులో రాసుకున్నట్టు వాళ్లు అందులో రాసుకుంటారు. తప్పు రాస్తే అది ఆ లైను కింద ఎర్ర గీత గీసి, ఇంగ్లీషులో ఏదో గొణుగుతుంది. ఆ గొణుగుడు అర్థం చేసుకుని దిద్దుకోవడంలోనే ప్రోగ్రాం రాసేవాడి సగం ఆయుష్షు అయిపోతుంది. ఆ ఆయుష్షులో కొంతైనా మిగిలించాలని నేనూ, ఇంకో ముగ్గురూ తిరుపతిలో ఒక మేడ మీది గదిలో కూర్చుని కాలేజీ పిల్లల కోసం ఒక ఎడిటర్ తయారు చేస్తున్నాం. తప్పు తొందరగా కనపడాలి, చెప్పే మాట తేలిగ్గా ఉండాలి, దిద్దుకునే పిల్లకు గుండె దడ పుట్టకూడదు. ఇంతే మా పని. ఈ పని నాకు బాగా వచ్చు. వినయం కోసం రాదని అబద్ధం చెప్పను.

నాకు ఈ పని నేర్పినావిడ పోయిన గురువారం చనిపోయింది. ఆమెకు ప్రోగ్రాం రాయడం రాదు.

మా పాత కాలేజీ వాళ్లందరూ ఉన్న ఫోన్ గ్రూపులో ఎవరో ఆమె ఫోటో పెట్టారు. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, కళ్లు పెద్దవి చేసుకుని కెమెరాను బెదిరిస్తున్నట్టు ఉంది. కింద పేరు రాశారు. ఆ పేరు చదివి, ఎవరబ్బా ఈవిడ అనుకున్నాను ఒక్క క్షణం. అన్నేళ్లూ మాకు ఆమె ల్యాబ్ అక్కే. ఆమెకొక పేరుంటుందని మాలో ఎవరికీ తోచనే లేదు. అందుకే ఇక్కడ కూడా ఆ పేరు రాయను.

ఆమె ఉద్యోగం అటెండర్. పొద్దున్నే కంప్యూటర్ ల్యాబ్ తాళం తీయాలి, ఊడ్వాలి, మా చెప్పులు బయట విడిపించాలి, సాయంత్రం మళ్లీ తాళం వేయాలి. చెప్పుల విషయంలో మాత్రం ఆమె జిల్లా కలెక్టర్ కంటే కఠినం. గుమ్మం బయట పడున్న చెప్పులను చూసి లోపలున్నవాళ్ల సంగతి చెప్పేసేది. జత ఒద్దికగా ఉంటే, "ఈ పాప రికార్డు రాసుకోనొచ్చింది." ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పడుంటే, "ఈ అబ్బోడు పక్కోడిది సూసి రాసేదానికి పరిగెత్తినాడు." నాకు తెలిసి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎవరైనా ఎర్రర్ వచ్చి జుట్టు పీక్కుంటుంటే వచ్చి వెనక నిలబడేది. తెర వైపు కాదు, వాళ్ల ముఖం వైపు చూసేది. "మిషనుకు కోపం రాలేదు నాయనా, నీకొచ్చింది. పోయి నీళ్లు తాగేసి రా," అనేది. నీళ్లు తాగి వస్తే సగంమందికి తప్పు కనపడేది కూడా. కీబోర్డును మాత్రం ముట్టుకునేది కాదు. ఎంత బతిమాలినా సరే. "నీ కంచంలో నేను చెయ్యి పెడతానా మే? నీది నువ్వే కలుపుకో."

"నీకు ఇంగ్లీషు రాదు గదక్కా, ఎర్రర్ వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?" అని ఒకసారి అడిగాను.

"ఇంగ్లీసు రాదు. మొకాలు వొచ్చు," అంది.

ఇంకొకటి ఆమె గుడ్డ. పాత పంచె ముక్క, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది, ఎప్పుడూ కుడి భుజం మీద ఉండేది. దాంతో మానిటర్లు తుడుస్తూ వరసల మధ్య తిరిగేది. ఆ గుడ్డ లేకుండా ఆమెను తలుచుకోవాలంటే నాకు కుదరదు. వంటమనిషిని గరిటె లేకుండా తలుచుకున్నట్టు ఉంటుంది.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. మాది పాకాల దగ్గర పల్లె. వేరుశనగ, రెండు ఆవులు, ఒక బోరు. మా ఇంట్లో కంప్యూటర్ చదువుకు వచ్చిన మొదటి పిల్లను నేనే. రోజూ పాకాలలో రైలెక్కి తిరుపతి వచ్చి చదువుకునేదాన్ని. మొదటి సంవత్సరం, దసరా సెలవులు అయిపోగానే ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. ఇచ్చిన ప్రోగ్రాం నాకు కంఠతా వచ్చు. పదకొండో నంబరు మిషన్ దగ్గర కూర్చుని గబగబా కొట్టేశాను.

మనం వాక్యం చివర చుక్క పెట్టినట్టు ఆ ప్రోగ్రాంలో ప్రతి మాట ముగిశాక సెమికోలన్ అని ఒక గుర్తు పెట్టాలి. నడిపించి చూస్తే, పదిహేనో లైను మీద రంగు పట్టీ పడింది; ఆ పాత ఎడిటర్‌లో ఎర్ర గీతకు బదులు అదే. సెమికోలన్ లేదు అంటోంది. పదిహేనో లైనులో సెమికోలన్ ఎదురుగానే కనపడుతోంది! ఇంకోటి పెట్టాను. పోలేదు. లైను మొత్తం తుడిచేసి మళ్లీ కొట్టాను. పోలేదు. పైన కొంత మార్చాను, కింద కొంత మార్చాను, బాగున్నవి కూడా చెడగొట్టాను. చెమటకు వేళ్లు జారుతున్నాయి. సాయం చేయమని చుట్టూ చూస్తే, అక్క గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పరీక్ష గదిలో ఆమె నోరు విప్పకూడదు. టైమైపోయింది. తప్పాను.

మా నాయన కోప్పడలేదు. అందుకే నాకు భయమేసింది. ఆవుకు మేత వేస్తూ అన్నాడు: "సరే, ఈ తూరి పోయింది. ఎండాకాలంలో ఇంగో తూరి రాయనిస్తారంట గదా, రాయి. అదీ పోతే పాకాల్లో మీ మామ బట్టలంగట్లో కూసో. సీరలు మడత పెట్టేదానికి పరీక్షలుండవు."

మామ అంగడి నాకు తెలుసు. అందులోకి వెళ్లిన మా పెద్దమ్మ కూతురు ఇప్పటికీ బయటికి రాలేదు.

మరుసటి రోజు ల్యాబుకు వెళ్లి పదకొండో మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. అక్క వచ్చింది. నీళ్లు తాగమనలేదు.

"ఈడనే కూసున్నావా పరీక్షప్పుడు?"

"ఊఁ."

"ఏం కొట్టినావో మళ్లా కొట్టు. నిదానంగా. నేను నీ సేతులు సూస్తా."

కొట్టాను. పద్నాలుగో లైను చివర నా చిటికెన వేలు సెమికోలన్ మీద పడింది. "ఆగు," అంది. "నొక్కినావా?" నొక్కాను. "తెర మీద పడిందా?" పడలేదు. మళ్లీ నొక్కాను. ఈసారి పడింది. మూడోసారి పడలేదు. అప్పుడు, నాకు తెలిసి మొదటిసారి, ఆమె కీబోర్డు మీద వేలు పెట్టింది. ఆ మీటను పక్కకు కదిలించి, వంగి వాసన చూసింది. ముఖం నల్లబడిపోయింది.

చందనం వాసన.

ఆయుధపూజకు అన్ని ల్యాబుల్లోనూ మానిటర్ మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. అక్క అట్లాంటి మనిషి కాదు. అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లేటప్పుడు ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెట్టే మెట్లపూజ ఆమె ఏడాదికొకసారి చేసేది. ఒక్క మెట్టు వదిలినా పూజ కాదని ఆమె లెక్క. కీబోర్డు చూస్తే వరసలు వరసలుగా మెట్ల మాదిరే కనపడిందట. అందుకని ప్రతి కీబోర్డుకూ, ప్రతి వరసకూ, కుడి పక్కన గంధం పెట్టి దాని మీద కుంకుమ అద్దింది. పదకొండో మిషనుకు పెట్టేసరికి గంధం నీళ్లెక్కువై పల్చబడిందేమో, మీట సందులోకి జారి, సెలవుల్లో గట్టిపడి కూర్చుంది.

"మరి తప్పు పద్నాలుగులో ఉంటే, ఈ మిషను పదిహేనని ఎందుకు సెప్పింది?" అని అడిగింది. నాకూ తెలియదు. లెక్చరర్ దగ్గరికి వెళ్లి అడిగి వచ్చి చెప్పాను: మిషన్ వరసగా చదువుకుంటూ పోతుంది, తరవాతి లైను మొదలయ్యాక గాని ముందు లైను ముగియలేదని దానికి తెలియదు. అక్క ఒక్క నిమిషం ఆలోచించింది.

"ఓ, కండక్టరు మాదిరి. టికెట్టు తీసుకోనోడు ఎక్కింది ముందు స్టేజీలో. కండక్టరు పట్టుకునేది తరవాత స్టేజీలో. నువ్వు కండక్టరు సూపించిన తావు పట్టుకోని ఏడుస్తా ఉండావు. వాడు యాడ ఎక్కినాడో సూసుకోవాల గదా!"

కంప్యూటర్ చదువులో ఆ తరవాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎందరో పెద్దల ఉపన్యాసాలు విన్నాను. ఈ సంగతి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు లేరు.

ఆ రోజే ఆమె నన్ను వెంటబెట్టుకుని మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన గదిలోకి వెళ్లింది. "సార్, పూజ సేసింది నేను. తప్పు నాది. ఈ పాప మార్కులు మార్సండి," అంది. ఆయన మంచివాడే, నవ్వాడు. "మార్కులు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ వేసి పంపించేసినాడమ్మా, మన చేతుల్లో లేదు. పూజ వల్ల తప్పిందంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. బయటికి వచ్చాక, పోనీలే అక్కా, దేవుడికి తెలుసు అన్నాను. కయ్యిమని లేచింది. "దేవుడి మీద ఏసేది వొద్దు. పూసింది నా ఏలు." ఆ సాయంత్రం అన్ని కీబోర్డుల మీటలూ ఊడదీసి, పిన్నీసుతో గంధం గీకి, తుడిచి, వరండాలో ఆరబెట్టింది. వడియాలు ఆరబెట్టినట్టు అక్షరాలన్నీ పాత పంచె గుడ్డ మీద పరిచి ఉన్నాయి.

ఎండాకాలం పరీక్షకు మళ్లీ పదకొండో మిషనే ఇచ్చారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ లావుపాటి కళ్లజోడు పెట్టుకుని, ఎవరు తల తిప్పినా ఖళ్లు ఖళ్లున దగ్గేవాడు. నేను కొట్టాను, నడిపించాను, ఇరవై రెండో లైను మీద పట్టీ పడింది. ఈసారి మీట బాగుంది, తప్పు నాదే. కానీ కండక్టరూ గుర్తు రాలేదు, స్టేజీలూ గుర్తు రాలేదు. మామ అంగడి ఒక్కటే గుర్తొచ్చింది, దాని గుమ్మానికి వేలాడే చీరలతో సహా. మళ్లీ ఆ లైనునే తుడిచి తుడిచి కొట్టడం మొదలుపెట్టాను.

అప్పుడు అక్క ఆ చివర నుంచి మానిటర్లు తుడుచుకుంటూ వచ్చింది. ఎగ్జామినర్ దగ్గాడు. "ఏమ్మా, పరీక్ష జరుగుతుంటే తుడవడమేంది?"

"మీ అద్దాలు మీరు తుడుసుకుంటారు సార్. ఈళ్లకు ఎవురు తుడిసేది?" అంది ఆగకుండానే. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన కళ్లజోడు తీసి నిజంగానే తుడుచుకున్నాడు.

నా దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు. పట్టీ ఉన్న లైనును వదిలేసి, సరిగ్గా దాని పై లైను మీద, ఎడమ నుంచి కుడికి ఒకసారి తుడిచింది. గుడ్డ మడత మార్చి ఇంకొకసారి తుడిచింది. తరవాతి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇరవై ఒకటో లైను చివర ఖాళీగా ఉంది. సెమికోలన్ పెట్టాను. పాసయ్యాను.

నాయన పాకాల స్టేషన్లో ఎదురుచూసి, నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా మైసూర్‌పాకు కొనిచ్చాడు. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం లోపల ముల్లు గుచ్చుకుంది. పాసయింది నేనా, ఆమె పాస్ చేయించిందా? ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆ ముల్లు అట్లాగే ఉంది. ఎంత గట్టిగా మాట్లాడే మనిషినైనా, ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఆమెకే చెప్పాను, రెండేళ్ల కిందట. ఒక తెల్లవారుజామున కొండకు నడిచి పోదామని అలిపిరికి వెళితే, మొదటి మెట్ల దగ్గరే వంగి పసుపు రాస్తూ కనిపించింది. జుట్టు నెరిసింది, నడుం కొంచెం ఒంగింది, నోరు మాత్రం అట్లాగే ఉంది. "ఏం మే, పదకొండో నంబరూ!" అంది. పక్కన వంగి, ఆమె పసుపు రాసిన మెట్టుకు నేను కుంకుమ పెడుతూ ఎక్కడం మొదలుపెట్టాను.

"అక్కా, ఆ పొద్దు పరీక్షలో నువ్వు తుడిసింది నాకు సూపించేదానికే గదా?"

"దుమ్ముంటే తుడిసినా."

మూడు మెట్లు ఎక్కాం. నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగింది.

"సూపించినా అనుకో. యాడ సూడాల్నో సూపించినా. ఆడ ఏం పెట్టాల్నో నేనెప్పుడన్నా సూపించినానా? నాకు తెలిస్తే గదా! పెట్టింది నీ ఏలు. ఇన్నేండ్లూ దాన్ని మోస్తా ఉండావా నువ్వు? కొండెక్కేటప్పుడు ఎందుకు మే అంత బరువు?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముల్లు అక్కడే, ఏదో ఒక మెట్టు మీద రాలిపోయింది. తరవాత కులాసాగా నా ఉద్యోగం గురించి చెప్పాను. తప్పు రాగానే ఒక మీట నొక్కితే ఎడిటరే దిద్దేసేలా చేస్తున్నాం అన్నాను.

"నొక్కితే సరిపోతాదా?"

"సరిపోతాది."

"ఏం సరిసేసిందో, యాడ సరిసేసిందో పిల్లోళ్లకు సెప్తాదా?"

"చెప్పదు. టక్కున అయిపోవాలని."

అక్క పసుపు చేతిని గాల్లోనే ఆపింది. "అయితే నేను సేసిన పూజ మాదిరే. మంచికే సేస్తాది పాపం. అది పొయ్యి యాడ బిగుసుకుంటాదో ఎవురికీ తెలీదు."

ఆ మాట పట్టుకుని అప్పటి నుంచి మా గదిలో యుద్ధం చేస్తున్నాను. మా జట్టును నడిపే అతను చిత్తూరు పిల్లవాడు, నా కంటే చిన్నవాడు, చురుకు. "అక్కా, పిల్లోళ్లకు సదివే ఓపిక యాడుండాది? నొక్కినామా, పోయిందా. అంతే ఉండాల," అంటాడు. అతను చెప్పేదీ అబద్ధం కాదు. వేగం కావాలి. కానీ ఏం జరిగిందో తెలియకుండా తప్పు మాయమైతే, ఆ పిల్ల రేపు పరీక్షలో ఒంటరిగా కూర్చున్నప్పుడు మళ్లీ నా మాదిరే తప్పులేని లైనును పట్టుకుని ఏడుస్తుంది. పోయిన శుక్రవారానికల్లా ఏదో ఒకటి తేల్చేయాలి అనుకున్నాం. గురువారం ఫోటో వచ్చింది.

గ్రూపులో అందరూ దండాలు, కన్నీళ్ల బొమ్మలు పెడుతున్నారు. ఇంతలో మాకంటే రెండేళ్లు చిన్నవాడొకడు రాశాడు: "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ప్రాక్టికల్లో నాకు ఎర్రర్ వస్తే అక్క వచ్చి నా మానిటర్ తుడిచింది, సరిగ్గా పై లైను. ఆమె లేకుంటే నేను పాసయ్యేవాణ్ణి కాదు." తరవాత ఒకమ్మాయి రాసింది: "నీకూ తుడిచిందా? నాకొక్కదానికే అనుకున్నానే!" ఆ తరవాత వరస కట్టారు. ఎనిమిది మంది, పది మంది, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క బ్యాచి. అందరికీ పై లైనే. అందరికీ రెండుసార్లే. ఒక్కొక్కరూ తమకే అనుకుని, నా మాదిరే ముల్లు దాచుకుని తిరిగారు. నేను ఆఫీసులో అందరి ముందూ గట్టిగా నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

అప్పుడు మేము చేరకముందే చదువు ముగించి వెళ్లిన అన్న ఒకాయన అడిగాడు: "ఏం గుడ్డ? ఏం తుడవడం? మా కాలంలో అక్క చేతిలో చీపురు, తాళాలు తప్ప ఏమీ లేవే. పరీక్ష రోజు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది." ఆయనకు ముందు బ్యాచిలో చదివిన ఒకావిడ కూడా అదే మాట అంది. గుడ్డ తమకూ తెలియదంది.

గ్రూపును కింది నుంచి పైకి మళ్లీ చదివాను. తుడిచింది అని రాసినవాళ్లందరూ నా తరవాతి వాళ్లు. నాకు ముందు ఒక్కరూ లేరు.

నేను మొదటి పరీక్ష తప్పిన రోజు ఆమె చేతులు కట్టుకునే ఉంది. నా రెండు కళ్లతో చూశాను. చూసి కూడా ఇన్నేళ్లు ఆ చేతుల్లో గుడ్డను పెట్టి తలుచుకున్నాను. ఆ గుడ్డ, వరండాలో మీటలు ఆరబెట్టిన పంచె ముక్క. మార్కులు మార్పించలేకపోయింది కాబట్టి, ఆ తరవాత వచ్చిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ ఉద్యోగం దిగిపోయేదాకా తుడిచింది. అలిపిరి మెట్ల మీద ఆ మాట నాతో ఒక్క ముక్క అనలేదు. బరువు మోయొద్దని నాకు చెప్పింది గాని, తను మోసింది దించలేదు.

ఫోన్ పక్కన పెట్టి పనిలో కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి చేసేశాను. మా చిత్తూరు పిల్లవాణ్ణి పిలిచి, కావాలని ఒక సెమికోలన్ తీసేసి చూపించాను. కింది లైనుకు ఎర్ర గీత పడింది. వెంటనే దాని పై లైను మీద లేత వెలుతురు ఒకటి ఎడమ నుంచి కుడికి పోయింది. ఇంకొకసారి పోయింది. లైను చివర తెలుగులో ఒక్క మాట కనిపించింది: "ఇక్కడ సెమికోలన్ లేదు. పెట్టమంటావా?" కింద ఒక మీట: "పెట్టు."

అతను నొక్కాడు. సెమికోలన్ పడింది, గీత పోయింది. తన పద్ధతికంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు. అతను మళ్లీ తప్పు చేశాడు, మళ్లీ చూశాడు. ఈసారి మీట నొక్కలేదు, తనే వేలితో పెట్టాడు.

"బాగుండాదక్కా. ఇదే పెడదాం," అన్నాడు. "కానీ వెలుతురు రెండుసార్లు ఎందుకు పోవాల? ఒకసారి సాలదా?"

"మొదటిది దుమ్ముకు," అన్నాను. "రెండోది మనకు."